రెండు గజాల బండికి అయిదు గజాల డబ్బా

నేను రిటైరు కావడానికి సరిగ్గా పదకొండు నెలల ముందు, జూలై రెండో సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి, మూతున్న ట్రైలర్ ఒకటి గీయమని నా బల్ల మీదికి జాబ్ కార్డు వచ్చింది. అప్పుడు నేను మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో, రోడ్డు పక్కనున్న ఒక బాడీ బిల్డింగ్ వర్క్స్‌లో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. లారీ ఛాసిస్‌ల మీద డబ్బాలు, జీపుల వెనక తగిలించే ట్రైలర్లు కట్టే చోటు అది. ఆడమనిషినైనా కాగితాల మీద నా హోదా డ్రాఫ్ట్స్‌మనే. మార్చమని నేను అడగలేదు, వాళ్లు మార్చలేదు. రోజూ అల్వాల్‌లో లోకల్ రైలెక్కి మేడ్చల్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లేదాన్ని.

జాబ్ కార్డు సంగతి కొంచెం చెప్పాలి. ముందు వైపు కస్టమర్ అడిగినది రాస్తాం, వెనక వైపు మేం ఇచ్చినది. రెండింటికీ తేడా వస్తే తప్పెవరిదో కింది గడిలో రాసి సంతకం పెట్టాలి. కస్టమర్ తప్పైతే నీలం సిరా, షెడ్డు తప్పైతే నలుపు, డ్రాయింగ్ తప్పైతే ఎరుపు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నా కార్డుల మీద ఎరుపు పడలేదు. అందుకు నేను గర్వపడేదాన్ని, షెడ్డులో వాళ్లు నన్ను చూసి భయపడేవారు.

ఆ రోజు వచ్చిన కస్టమర్ పేరు యాదిరెడ్డి. శామీర్‌పేట దగ్గర ఊరు, అరవై ఆరేళ్లు. ఒకప్పుడు వ్యవసాయం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. వెంట భార్య సుగుణమ్మ వచ్చింది. లేడీస్ రిజర్వేషన్‌లో అయిదేళ్లు సర్పంచ్‌గా చేసినావిడ. ఆయనకు నలభై ఏళ్లనాటి బుల్లెట్టు ఒకటుంది. పాత బండ్లున్నవాళ్లు నెలకో ఆదివారం పొద్దున్నే మేడ్చల్ అవతల ఒక మైదానంలో కలుస్తారు. అక్కడికి దాన్ని తీసుకుపోవాలి. రోడ్డు మీద నడుపుకుంటూ పోవడానికి లేదు, ఎడమ మోకాలికి ఆపరేషనైంది.

"ట్రాలీ ఆటోల తీస్కపోవచ్చు గదా" అని మా ఓనరు అన్నాడు.

"గట్లనే తీస్కపోయిన. మోకాలు పోయిందే గప్పుడు" అన్నాడు యాదిరెడ్డి. పలక వేసి బండి ఎక్కిస్తుంటే వెనక పట్టుకున్న ఇద్దరు ఒక్కసారే వదిలేశారట. బండి ఆయన మీద పడింది. కారణం మాత్రం వేరని ఆయన నమ్మకం. "ఓపెన్ ట్రాలీ మేడం. దారి పొడుగునా అందరి కండ్లు దాని మీద్నే. దిష్టి కొట్టింది. అందుకే నాకు మూతున్న డబ్బా గావాలె."

సుగుణమ్మ దిష్టిని కాదనలేదు గానీ, తన షరతు తాను చెప్పింది. ఇక మీదట ఆ బండిని ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఇంకో మనిషి చెయ్యి దాని మీద పడకూడదు. "ఎవలో పట్టుకుంటరని ధైర్నం జేస్తడు, వాళ్లు ఇడిచిపెడ్తరు. ఒక్కడు జేస్కోగలిగితే ఉంచుకోనియ్యి. లేకుంటే కీసరల మా తమ్ముడు అడుగుతుండు, ఇచ్చేస్త" అంది. ఆ తమ్ముడు పెంటారెడ్డి పదిహేనేళ్లుగా అడుగుతున్నాడని, ప్రతి పండక్కీ వచ్చి ముందు బండిని పలకరించి తర్వాత తనను పలకరిస్తాడని యాదిరెడ్డి నాతో విడిగా చెప్పాడు.

ఇక సైజు. కస్టమర్లు సైజు అడుగుల్లో చెబుతారు. ఈయన గజాల్లో చెప్పాడు.

"రెండు గజాల జాగ సాలు మేడం."

నేను లెక్క వేశాను. బండి పొడవు ఆరడుగుల పదకొండు అంగుళాలు. హ్యాండిల్ వెడల్పు రెండున్నర అడుగులు. పదిహేడు చదరపు అడుగుల పైచిలుకు. గజానికి తొమ్మిది చొప్పున రెండు గజాలకు కొంచెం తక్కువ. లెక్క తప్పులేదు. ఈ పనిలో కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే అది. బండిని కొలుస్తారు, దాని పక్కన నడిచే మనిషిని కొలవరు. డబ్బాలోకి బండి దానంతటదే పోదు. ఎడమ పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని మనిషి కూడా లోపలికి నడవాలి. లోపల బండి కదలకుండా ముందూ వెనకా పట్టీలతో ఏటవాలుగా లాగి కట్టాలి. నిలువుగా కడితే అవి పనిచేయవు కాబట్టి వాటికీ చోటు కావాలి.

ఇదంతా చెబితే ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పుడు ఆయన భాషలో చెప్పాను. "ప్లాటు రెండు గజాలే యాదిరెడ్డి గారూ. మరి రోడ్డేదీ? చుట్టూ వదలాల్సిన జాగా ఏదీ?"

ఆయన వెంటనే కుర్చీలో ముందుకు జరిగాడు. "అరే, గట్ల జెప్పాలె గద మేడం!"

మర్నాడు మంగళవారం వాళ్లింటికి కొలతలకు వెళ్లాను. బండిని కొలవడం పది నిమిషాలు, ఆయన్ను కొలవడం గంటన్నర పట్టింది. హ్యాండిల్ పట్టుకుని నిలబడితే పక్కకు ఎంత చోటు తీసుకుంటాడు, రుమాలు చుట్టుకుంటే ఎంత ఎత్తుంటాడు, ఎడమ కాలు ఎంత ఎత్తు లేపగలడు, అన్నీ టేపుతో చూశాను. నడుము చుట్టూ టేపు పెట్టబోతే ఆయన ఊపిరి బిగపట్టాడు.

"గట్ల లోపల్కి గుంజుకుంటే డబ్బాల ఇరుక్కుంటవ్. ఊపిరి ఇడువు" అని సుగుణమ్మ అరుగు మీది నుంచి అరిచింది. వదిలాడు. రెండున్నర అంగుళాలు పెరిగింది. పెరిగిన లెక్కే రాసుకున్నాను.

తర్వాత గేటు. ఇంటికి పదడుగుల పెద్ద గేటు ఉంది. దానికి తాళం, తాళానికి తుప్పు. అది నైరుతిలో పడిందని ఇల్లు కట్టిన రెండో ఏడే మూసేశారట. రాకపోకలన్నీ తూర్పున ఉన్న అయిదున్నర అడుగుల చిన్న గేటు నుంచే. అందుకే వాళ్ల కారు, జీపు రెండూ రోడ్డు మీదే ఉంటాయి. ట్రైలర్ మాత్రం లోపల ఉండాలి, దిష్టి కోసం. పెద్ద గేటు తెరవచ్చు కదా అని అడిగాను. సుగుణమ్మ నా వైపు చూసిన చూపుతో ఆ ప్రశ్న కాగితం మీద కొట్టేశాను.

దీంతో హద్దులు తేలాయి. కనీసం ఎంత వెడల్పు ఉండాలో మనిషి చెప్పాడు, ఎంతకు మించకూడదో గేటు చెప్పింది. హ్యాండిల్‌కు రెండడుగుల ఆరంగుళాలు, మనిషికి ఒకటీ తొమ్మిది, అవతలి గోడ వైపు అయిదంగుళాలు, కలిపి లోపల నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. గోడల మందం కలిపితే బయట నాలుగూ పదకొండు. చక్రాలు డబ్బాకు బయట పెడితే డబ్బా నేల రోడ్డుకు దగ్గరవుతుంది, ఎక్కించడం సులువు. కానీ రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు పెరిగి గేటులో పట్టదు. అందుకని చిన్న చక్రాలు తీసుకుని డబ్బా కిందే పెట్టాను. డబ్బా నేల రోడ్డుకు పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి. ఇలాంటి డబ్బాలో వెనక తలుపు కిందికి వాలి, అదే ర్యాంపు అవుతుంది. కాబట్టి తలుపు ఎంత ఎత్తుంటే ర్యాంపు అంత పొడవు. నాలుగడుగుల ర్యాంపుకు అడుగుకు మించి ఎత్తు పెరిగితే అలాంటి మోకాలితో ఎక్కడం కష్టం. తలుపు ఆరడుగుల రెండంగుళాలు పెట్టాను, లెక్క నాలుగుకు ఒకటి లోపే తేలింది. పొడవు, బండికి ఆరూ పదకొండు, ముందు పట్టీలకు ఒకటీ ఏడు, వెనక ఒకటీ ఆరు, మొత్తం పదడుగులు.

పది అడుగులు ఇంటూ నాలుగూ ఎనిమిది అంటే అయిదు గజాల పైన. డ్రాయింగ్ చూపిస్తే యాదిరెడ్డి నవ్వాడు. "రెండడిగితే అయిదిచ్చినవ్ మేడం. మా ధంధల ఉల్టా ఉంటది. అయిదు జెప్పి రెండిస్తం."

షెడ్డులో ఈ పని ఖాజా భాయ్‌కి ఇచ్చారు. మేడ్చల్ చుట్టుపక్కల ఆయనంత శుభ్రంగా వెల్డింగ్ చేసేవాడు లేడు, ఆయనంతగా నాతో వాదించేవాడూ లేడు. ముందు చక్రం కూర్చునే ఇనుప గాడిని, అంటే ఛానెల్‌ను, డబ్బా నేలకు వెల్డ్ చేయమని గీశాను. కుడి గోడకు దగ్గరగా పెట్టాను, ఎడమ పక్క మనిషి నడవాలి గనక. ఖాజా భాయ్ వెల్డ్ చేయకుండా నాలుగు బోల్టులు బిగించాడు. ఎందుకని అడిగితే, "మీరు మాట మార్చరు మేడం. కస్టమర్ మారుస్తడు" అన్నాడు. నేను మెమో రాయబోయి, పని నిలుస్తుందని ఊరుకున్నాను.

ఆగస్టు మూడో శుక్రవారం ట్రయల్. మా పద్ధతిలో కస్టమర్ తన సరుకును తానే ఒకసారి ఎక్కించి దించాక డెలివరీ కాగితం మీద సంతకం తీసుకుంటాం. యాదిరెడ్డి తెల్ల బట్టల్లో వచ్చాడు, బుల్లెట్టును మా షెడ్డు కుర్రాడొకడు నడుపుకొచ్చాడు. సుగుణమ్మ కొబ్బరికాయతో, నిమ్మకాయలతో వచ్చింది. పెంటారెడ్డి కీసర నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. చేతిలో కొత్త తాడు చుట్ట.

"తాడెందుకు తెచ్చినవ్?" అని యాదిరెడ్డి అడిగాడు.

"ఉట్టిగనే బావా. అవసరం పడ్తదేమోనని."

పూజ అయింది. పదకొండూ ఇరవైకి యాదిరెడ్డి హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను గడియారం చూస్తున్నాను. ర్యాంపు ఎక్కడం, ఛానెల్‌లో చక్రం కూర్చోబెట్టడం, పట్టీలు బిగించడం, అన్నీ కలిపి ఏడు నిమిషాలు. ఎవరి చెయ్యీ పడలేదు. ఎడమ పక్క గోడకూ ఆయన పొట్టకూ మధ్య ఒకటిన్నర అంగుళాలు మిగిలింది. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. పెంటారెడ్డి తాడు చుట్టను వీపు వెనక పెట్టుకున్నాడు. నేను కార్డు వెనక వైపు సంతకం పెట్టడానికి కలం తీశాను.

"మంచిగనే ఉన్నది. ఇగ బయటికి తియ్యి" అంది సుగుణమ్మ.

యాదిరెడ్డి పట్టీలు విప్పి బండిని వెనక్కి నడిపించాడు. వెనక చక్రం ర్యాంపు అంచుకు రాగానే ఆగిపోయాడు. లోపలికి పోయేటప్పుడు బండి ముందుంటుంది, మనిషి దారి చూసుకుంటూ పైకి తోస్తాడు. బయటికి వచ్చేటప్పుడు మనిషి దారి కనిపించకుండా వెనక్కి నడుస్తూ, పల్లానికి జారే నూట ఎనభై కిలోలను ఒక్క చేతి బలంతో ఆపాలి. కాళ్లు రెండూ బాగున్నవాడికే అది ఇబ్బంది. ఆయన ఒకసారి ప్రయత్నించాడు, మోకాలు వణికింది. బండిని గేరులో వేసి, స్టాండు దించి, దాని మీదే కూర్చున్నాడు.

"ఏమాయె బావా?" పెంటారెడ్డి ర్యాంపు దగ్గరికి వచ్చాడు.

"నువ్వు దూరం జరుగు."

"నేను పట్టుకుంట గద."

"నువ్వు పట్టుకుంటే కీసర దాకా ఇడువవు. దూరం జరుగు!"

ఆయన దిగలేదు. ఇరవై నిమిషాలు డబ్బాలోనే బండి మీద కూర్చున్నాడు. ఖాజా భాయ్ టీ పంపిస్తే లోపలే తాగి, గ్లాసు బయటికి ఇచ్చాడు. పెంటారెడ్డి ట్రాలీ ఆటోవాడికి ఇంజన్ స్టార్ట్ చేయమని సైగ చేశాడు.

మా ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, డ్రాయింగ్ కరెక్టే. ఎక్కింది కదా. దించడం ఆయన మోకాలి సంగతి. నీలం సిరా వేసి క్లోజ్ చెయ్యండి" అన్నాడు. మాటకు అది నిజమే. కార్డు ముందు వైపు కస్టమర్ అడిగింది 'బండి పట్టే డబ్బా'. బండి పట్టింది. నీలం సిరాతో రాస్తే నాకు ఎరుపు పడదు, వర్క్స్‌కు ఖర్చు పడదు. బండి కీసర పోతుంది. అంతే.

నేను డ్రాయింగ్ తెరిచి చూశాను. వెనక తలుపు దగ్గర మనిషి నడిచే దారికి బాణం గీసి ఉంది. ఒకటే బాణం, లోపలికి. ఆయన మోకాలు ఎంత లేస్తుందో అంగుళాల్లో కొలిచినదాన్ని, ఆ మోకాలు వెనక్కి ఎలా దిగుతుందో అడగలేదు. అది మోకాలి తప్పు ఎలా అవుతుంది?

నేను నిలబడి ఆలోచిస్తుంటే సుగుణమ్మ పక్కకు వచ్చింది. ఆమె బాధ వేరే.

"మేడం, మోకాలు సంగతి ఇడువుండ్రి. కొత్త గడపలకెల్లి ఎవలన్న ఎన్కకెన్కకు నడుసుకుంట బయటికొస్తరా? పూజ జేసి పెట్టిన తలుపది. గట్ల రాంగనే నాకు మనసుల ఏందో అయ్యింది."

నాకు తట్టని సంగతి ఆమెకు ఇంకో దారిలో తట్టింది. బండి ముఖం ముందుకు పెట్టుకుని బయటికి రావాలంటే, లోపలికి వెనక్కి పోవాలి. మనిషి దాన్ని వెనక్కి తోయలేడు, ముందు గోడకు విన్చ్ అనే తీగ చుట్టే యంత్రం పెట్టి లాగాలి. బ్యాటరీతో నడిచే చిన్న విన్చ్‌కు వైరుతో ఒక స్విచ్ ఉంటుంది. ఒక చేత్తో హ్యాండిల్ నిలబెట్టి, ఇంకో చేత్తో స్విచ్ నొక్కితే చాలు. దించేటప్పుడు తీగ నెమ్మదిగా వదులుతుంది, బరువంతా విన్చ్ మీదే. మనిషి దారి చూసుకుంటూ దిగుతాడు.

"మరి లోపలికి వెనక్కి పోతే ఫరవాలేదా అమ్మా?" అని అడిగాను. ముందే అడగడం ఆ పూటే నేర్చుకున్నాను.

"లోపల్కి ఎట్ల పోతే ఏంది మేడం, మన ఇల్లే గద. బయటికి పోయెటప్పుడే మొకం ముంగటుండాలె."

అయితే బండి ముఖం అటునుంచి ఇటు తిరిగితే ఆయన నిలబడే ఎడమ పక్క, డబ్బాలో అవతలి గోడ వైపుకు మారుతుంది. అంటే ఛానెల్ కుడి గోడ నుంచి ఎడమ గోడకు రావాలి, వెనక కొసకు జరగాలి. ఈ మాట చెప్పగానే ఖాజా భాయ్ ఒక్క మాటా అనకుండా జేబులోంచి పానా తీసి నాకు చూపించాడు. నాలుగు బోల్టులు. మాట అని ఉంటే బాగుండేది.

అయితే ముందు బండి బయటికి రావాలి. షరతు ప్రకారం ఇంకో చెయ్యి పడకూడదు. పెంటారెడ్డి అదే పట్టుకున్నాడు. "చెయ్యి వడ్తే బండి నాదే. అక్క మాట అక్కదే."

నేను ఎర్ర కలం తీసి కార్డు కింది గడిలో రాశాను: 'డ్రాయింగ్ లోపం. లోపలికి పోయే దారి మాత్రమే చూశాను. బయటికి వచ్చే దారి చూడలేదు.' తేదీ, సంతకం. ఓనరు మొహం తిప్పుకున్నాడు. కార్డును సుగుణమ్మకు ఇచ్చి, తప్పు నాదని, పరీక్ష పేపరే తప్పైనప్పుడు ఆయన ఫెయిలయ్యాడని చెప్పడానికి లేదని అన్నాను.

ఆమె కార్డును దూరంగా పెట్టి రెండుసార్లు చదివింది. పంచాయతీలో కూర్చున్నట్టే కూర్చుంది.

"పేపరు తప్పైతే మల్ల పరీక్ష వెట్టాలె. గీ చెయ్యి లెక్కల్కి రాదు. బండి దించుండ్రి. సోమారం వస్తం."

"అక్కా, ఆటో కిరాయి ఎవలిస్తరు?"

"నువ్వే. ఎవలు తెమ్మన్నరు?"

నలుగురు పట్టి బండిని దించారు. యాదిరెడ్డి డబ్బాలోంచి దిగుతూ, "నీకు ఎర్రది వడ్డదట గద మేడం, నా వల్ల" అన్నాడు. ఆయన వల్ల కాదని, బాణం వల్లనని చెప్పాను.

శనివారం విన్చ్ వచ్చింది. పట్టీల కోసం ముందు వదిలిన ఒకటీ ఏడులో అది సరిగ్గా కూర్చుంది. ఇంకో మూడంగుళాలు తక్కువ పెట్టి ఉంటే డబ్బా మళ్లీ కట్టాల్సి వచ్చేది. అది నా ముందుచూపు అని షెడ్డులో అనుకున్నారు. కాదు, పట్టీల లెక్క కలిసి వచ్చింది. సోమవారం పదిన్నరకు యాదిరెడ్డి బండిని తొమ్మిది నిమిషాల్లో ఎక్కించి, ఆరు నిమిషాల్లో దించాడు. దిగేటప్పుడు బండి ముఖమూ ఆయన ముఖమూ మా వైపే ఉన్నాయి. సుగుణమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. పెంటారెడ్డి రాలేదు. సెప్టెంబరులో వచ్చాడు, తన పేరు మీద ఒక డబ్బా కావాలని. బండి ఏదని అడిగితే, ఇంకా కొనలేదని, బావ దానికంటే పాతది వెతుకుతున్నానని చెప్పాడు. బండి కొన్నాక రమ్మని పంపించాను.

ఈ పని నాకు నేర్పింది కొలతల వరుస. అంతవరకు నేను బండిని ముందు కొలిచి, తర్వాత మనిషిని, ఆపైన గేటును కొలిచేదాన్ని. ఆ తర్వాత మిగిలిన పది నెలల్లో గీసిన పద్నాలుగు డ్రాయింగుల్లో, సరుకు బయటికి వచ్చే దారి మొదట గీశాను. దాన్ని పట్టుకుని నడిచే మనిషి రెండోది, సరుకు ఆఖరిది. ఈ వరుసలో గీస్తే ప్రతి డబ్బా అరడుగో అడుగో పెద్దదవుతుంది, రేకు ఎక్కువ పడుతుంది, ఓనర్లు సణుగుతారు. ఆ పద్నాలుగింటిలో ఒక్కటీ షెడ్డుకు తిరిగి రాలేదు.